తొండంలో పుల్ల

"వినాయకుడి రూపం – పరమార్థం" అని సంచికకి రాయమని సంపాదకురాలు అడిగి నెలన్నరయింది. గడువు ఈ ఆదివారం రాత్రి. ఏముంది, గంట పని అనుకున్నాను. చేటచెవులు ఎక్కువ వినమని, చిన్నకళ్ళు నిశితంగా చూడమని, బొజ్జ మంచీచెడూ అరాయించుకోమని, ఎలుక అదుపులో పెట్టాల్సిన కోరిక అని – మన ఆదివారం క్లాసు గోడమీది చార్టుల్లో ఉన్నదేగా. పదేళ్ళ మావాణ్ణి కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. వాడు గడగడా అప్పజెప్పి, "అయితే ఇదంతా గుర్తుండటానికి వేసిన బొమ్మన్నమాట. ఆయన నిజంగా లేడామ్మా?" అన్నాడు.

అక్కడే ఆగిపోయింది నా వ్యాసం.

రెండువైపులా న్యాయంగానే రాస్తాను. అర్థాలు చెప్పకపోతే మన పిల్లలకి గడవదు. అమెరికాలో స్కూల్ లంచ్ టేబుల్ దగ్గర "మీ దేవుడికి ఏనుగు తలేమిటి?" అంటే వాళ్ళకో జవాబుండాలి. చిన్నప్పుడు తెనాలిలో నన్నెవరడిగారు గనక? అంచేత ఆ చార్టులు చేసిన వాలంటీర్లకి దణ్ణం.

పెట్టేశాను. ఇక నా మాట. చార్టులో వినాయకుడు వ్యక్తిత్వ వికాసం క్లాసు చెప్పే పెద్దమనిషి. వ్రతకథలో ఆయన వేరు. ఉండ్రాళ్ళు దండిగా తిని, అమ్మానాన్నలకి వంగి దణ్ణం పెట్టలేక ఆపసోపాలు పడతాడు. చంద్రుడు చూసి నవ్వుతాడు. పార్వతి ఒళ్ళు మండి, నిన్ను చూసినవాళ్ళకి నీలాపనిందలు తప్పవని శపిస్తుంది. బిడ్డ బొజ్జ చూసి ఎవరో నవ్వితే తల్లికి ఎలా ఉంటుందో నాకు ఏ చార్టూ చెప్పక్కర్లేదు.

ఆపైన కృష్ణుడు. పాలలో చంద్రుడి నీడ చూసినందుకే శమంతకమణి దొంగతనం ఆయన మీద పడింది. మణి వేసుకుని వేటకెళ్ళిన ప్రసేనుణ్ణి చంపింది సింహం, దాన్ని చంపి మణి తీసుకెళ్ళింది జాంబవంతుడు. గుహలో 28 రోజులు పోరాడితేగానీ ఆ నింద పోలేదు. పోయినేడు కథ ఇక్కడికి రాగానే మావాడు అక్షతలు గుప్పిట్లో నలుపుతూ, "ఊళ్ళో వాళ్ళు సారీ చెప్పారా?" అని అడిగాడు. స్కూల్లో ఏమైందో నాకు చెప్పలేదు. చేటచెవుల దగ్గర మాత్రం వాడు ఇంతవరకూ ఏమీ అడగలేదు.

పత్రి సంగతీ అంతే. 21 రకాల్లో మాకు దొరికేవి నాలుగైదు. మాచిపత్రి, వాకుడు, ఉత్తరేణి అన్నప్పుడల్లా అక్షతలే. గరికకి మాత్రం లోటు లేదు. టెక్సస్‌లో డబ్బిచ్చి కోయించే బెర్ముడా గడ్డి అదే! ఆ మాట చెప్పగానే మావాడు చెప్పుల్లేకుండా లాన్‌లోకి పరిగెత్తాడు.

వాళ్ళక్క ఈ ఆగస్టులో డార్మ్‌కి వెళ్ళింది. ఎనిమిదేళ్ళలో వీడూ వెళతాడు. ఎలుకకి అర్థమేమిటో అప్పటికి మరిచిపోయినా నాకు బెంగలేదు. చవితినాడు ఆ డార్మ్ గదిలో కుడుముల ఆవిరి గుర్తురాకపోతేనే బెంగ. అందుకే ముందు మట్టి, గరిక, కథ. అర్థాలు వాడు అడిగినప్పుడు.

మట్టిబొమ్మ వాడే చేశాడు. తొండం రెండుసార్లు ఊడితే టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టాడు. మూడోనాడు పెరట్లో బకెట్లో నిమజ్జనం. వాడు గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. చెవులు కరిగాయి, బొజ్జ జారింది. కాసేపటికి టూత్‌పిక్ పైకి తేలింది. తీసి, కడిగి, జేబులో వేసుకున్నాడు.