వినబడినదంతా ఉన్నట్లేనా?



పైపు ఆర్గాను సంగీతమును ఇంటిలో చిన్న స్పీకరుపై వినునప్పుడు, అందులోని మిక్కిలి మంద్రమైన స్వరము నిజముగా ఆ పెట్టెలోనుండియే వచ్చుచున్నదా?

ఆర్గానులో స్వరము ఎంత క్రిందికి దిగవలెనో గొట్టము అంత పొడవుగా ఉండవలెను. పైభాగము తెరచియున్న 16 అడుగుల గొట్టము సెకనుకు సుమారు 33 కంపనములు, 32 అడుగులది సుమారు 16 కంపనములు పలుకును. మన చెవికి హద్దు సుమారు 20. కనుక 32 అడుగుల గొట్టపు స్వరమును చెవికంటె దేహమే ఎక్కువగా గ్రహించును. 1890లో ప్రారంభమైన సిడ్నీ టౌన్ హాలు ఆర్గానులో 64 అడుగుల వరుస కూడ ఉన్నది.

ఇంటి స్పీకరుకు ఇది భారము. స్వరము ఒక స్థాయి క్రిందికి దిగిన ప్రతిసారి, అదే బలముతో పలుకుటకు నాలుగింతల గాలిని కదల్చవలెను. అరచేతియంత స్పీకరు ఆ పని చేయలేదు. అయినను ఆ స్వరము విన్నట్లే మనకుండును. ఏలయనగా ప్రతి స్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు కంపనములు గల పైస్వరములు పుట్టును. స్పీకరు వాటిని మాత్రమే పలుకగా, లేని మూలస్వరమును మన మెదడు తానే పూరించుకొనును. పాత టెలిఫోను 300 కంపనములకు దిగువనున్న దానిని దాదాపు విడిచిపెట్టినను, నాన్నగారి బొంగురు గొంతును మనము గుర్తుపట్టితిమి గదా!

ఇది మోసమా? కాదు. ఇది సృష్టికర్త మనకిచ్చిన ఉపకారమే. మంచము పట్టిన విశ్వాసికి ఆ చిన్న పెట్టెయే గొప్ప ఆదరణ. అయితే ఇందులో ఒక అపాయమున్నది: చెవి పూరించుకొనుటవలన లోటు మనకు తెలియదు.

ఆరోగ్యముండియు ఆదివారము ఇంటనే పాటలు, ప్రసంగము విని తృప్తిపడువారి సంగతియు ఇట్టిదే. పాట వినబడినది, వాక్యము వినబడినది. మిగిలినది మనస్సు పూరించుకొన్నది. కాని ప్రభువు బల్లయొద్ద పాలు, ప్రక్కన కూర్చున్న విధవరాలి నిట్టూర్పు, తప్పిపోవుచున్న యౌవనస్థుని భుజముపై పెద్దల చెయ్యి, వీటిని ఏ పెట్టె పలుకగలదు? తరముల క్రితము వలసవచ్చి ఇక్కడ స్థిరపడిన మనకు తెలుగు సంఘమే బంధువర్గము. సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ 10:25 హెచ్చరించినది ఊరకనే కాదు.

లోటు తెలియనంత మాత్రమున లోటు లేనట్లు కాదు. రాలేనివారికి పాటల పెట్టెను పంపుదము, వారిని చూడ మనమును వెళ్లుదము. రాగలవారమైతే, వచ్చి కూడుకొందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక.