ఓర్చుకో అని చెప్పే ముందు

తితిక్ష, అంటే ఓర్పు గురించి గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెబుతాడు. ఆ మాటను నేను ఒకసారి తప్పుగా వాడాను.

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, రోజూ అర్ధరాత్రి దాటేదాకా పని, పైగా మాటలు పడలేక నా దగ్గర ఏడ్చింది. నేను పెద్ద జ్ఞానిలా "తితిక్ష అలవాటు చేసుకో" అన్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఆమెకే ఓపిక లేదనుకున్నా.

ఈ మధ్య దివిసీమలో తాతయ్య పొలానికి వెళ్లాను. సముద్రం దగ్గర కదా, చౌడు నేల. ఉప్పు తెల్లగా తేలితే పాల చౌడు. సోడియం పట్టేసి పీహెచ్ 8.5 దాటితే కారు చౌడు. తాతయ్య జీలుగు చల్లి, పూత దశలో కలియదున్నించారు.

"ఇంత ఉప్పులో ఇది కుళ్లుతుందా తాతయ్యా?"

"కుళ్లబెట్టేవి లోపల ఉంటాయిరా."

నిజమే. ఉప్పునీ క్షారాన్నీ తట్టుకుని ఆకునీ కాడనీ విడగొట్టే బ్యాక్టీరియా ఉన్నాయి. పీహెచ్ 10 దాకా ఉండే మహారాష్ట్రలోని లోణార్ సరస్సులోనూ అలాంటివి దొరికాయి. బయట క్షారం ఎంత ఉన్నా, లోపల పీహెచ్‌ని అవి తక్కువగానే నిలుపుకుంటాయి. ఉప్పు తమలోని నీటిని లాగేయకుండా బీటైన్, ఎక్టోయిన్ లాంటి పదార్థాలు కూడబెట్టుకుంటాయి. ఇదంతా ఊరికే జరగదు, శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి జీలుగులోని సెల్యులోజ్ నుంచే రావాలి.

జీలుగు కుళ్లినప్పుడు పుట్టే ఆమ్లాలు, కార్బన్ డయాక్సైడ్ నేలలోని సున్నాన్ని కరిగిస్తాయి. అందులోని కాల్షియం సోడియాన్ని పక్కకు నెడుతుంది. మంచినీళ్లు పెడితే అది మురుగు కాల్వలోకి పోతుంది. అంటే ఆ జీవులు చౌడుని భరించడమే కాదు, మారుస్తున్నాయి కూడా.

కానీ తాతయ్య నేలని "ఓర్చుకో" అని వదిలేయలేదు. జీలుగు వేశారు, జిప్సం వేశారు, నీళ్లు పెట్టారు, మురుగు పోయే దారి తీశారు.

నేనేం ఇచ్చాను? ఒక మాట. ఆమె పనిలో ఒక్క టికెట్ కూడా తీసుకోలేదు, మేనేజర్ ముందు నోరు విప్పలేదు.

ఓర్పు గొప్పదే. కానీ ఎవరికి వారు తెచ్చుకుంటే అది సాధన. ఏ సాయం చేయకుండా ఎదుటివాళ్లకి చెబితే తప్పించుకోవడం. అర్జునుడికి తితిక్ష చెప్పినవాడు ఒడ్డున నిలబడి చెప్పలేదు. అదే రథం మీద పగ్గాలు పట్టుకుని, రెండు సేనల మధ్య చెప్పాడు.

ఆమెకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఆ రోజు ఒక్క గంట పక్కన కూర్చున్నా చాలేది అన్నయ్యా" అంది.

ఈసారి ఎవరికైనా ఓర్చుకోమని చెప్పే ముందు, వాళ్ల రథంలో మనం ఉన్నామా అని చూసుకుందాం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.