అవయవి విచారంలో గేర్‌బాక్స్

ఒక వస్తువులోని భాగాన్ని తీసివేసి మరొక భాగాన్ని చేర్చినప్పుడు అది ఆ వస్తువేనా, వేరొకటా అన్న ప్రశ్నను భారతీయ దార్శనికులు అవయవి విచారంగా చర్చించారు. అవయవాలంటే భాగాలు, అవయవి అంటే వాటితో ఏర్పడిన సమగ్ర వస్తువు. వారు ఎన్నుకొన్న దృష్టాంతాలు రథమూ వస్త్రమూ కాగా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత డీజిల్ కారుకు మాన్యువల్ గేర్‌బాక్స్ అమర్చడం ఆ వాదాలకు మరింత కఠినమైన పరీక్ష పెడుతుంది. పోయిన భాగం స్థానంలో ఇక్కడ వచ్చేది దాని ప్రతిరూపం కాదు, వేరొక పద్ధతిలో పనిచేసే యంత్రం.

మెర్సిడెస్-బెంజ్ సంస్థ 1976లో ప్రవేశపెట్టిన డబ్ల్యూ123 శ్రేణిలో ఐదు సిలిండర్ల 300డి కారు అమెరికాలో ఆటోమేటిక్‌గానే అమ్ముడుపోయింది. అదే శ్రేణికి చెందిన నాలుగు సిలిండర్ల 240డి మాత్రం అక్కడ మాన్యువల్ గేర్‌బాక్స్‌తోనూ లభించింది. రెండు ఇంజన్లూ ఒకే కుటుంబానివి కనుక 240డి గేర్‌బాక్స్ 300డి ఇంజన్‌కు బోల్టులతో బిగుస్తుంది. అయితే బిగిసినంత మాత్రాన అది ఆ కారు భాగం కాదు. ఇంజన్ భ్రమణాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను తొలగించి ఫ్లైవీల్‌నూ క్లచ్‌నూ అమర్చాలి. ఆ ఫ్లైవీల్‌ను ఐదు సిలిండర్ల ఇంజన్‌కు తగినట్లు బ్యాలెన్స్ చేయించకపోతే కారంతా అదురుతుంది. క్రాంక్‌షాఫ్ట్ చివర పైలట్ బేరింగ్, లోపల క్లచ్ పెడల్ చేర్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచూడాలి. పాత గేర్‌బాక్స్‌కు వెళ్ళే వాక్యూమ్ గొట్టాన్ని మూసివేయాలి. గేరు న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్టర్‌ను తిరగనిచ్చే స్విచ్ తీగలను కూడా మార్చాలి.

న్యాయ వైశేషికుల దృష్టిలో అవయవి తన అవయవాలకంటె భిన్నమైన సత్పదార్థం, సమవాయమనే విడదీయరాని సంబంధంతో వాటిలో ఉంటుంది. వస్త్రం నుండి ఒక దారం తొలగితే పాత వస్త్రం నశించి, మిగిలిన దారాలతో కొత్త వస్త్రం పుడుతుందని వారు వివరించారు. ఆ లెక్కన గేర్‌బాక్స్ దిగిన క్షణంలోనే పాత కారు నశించింది, అది అదే కారన్న ప్రతీతికి సాదృశ్యమే కారణం. దీనికి భిన్నంగా, మిళిందపఞ్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు యవన రాజు మిళిందునితో వాదిస్తూ, ఇరుసూ చక్రాలూ విడివిడిగా గాని కలిసి గాని రథం కావనీ, వాటిని ఆశ్రయించి ఏర్పడిన వ్యవహార నామమే రథమనీ నిరూపిస్తాడు; ఇటువంటి నామకల్పనకు బౌద్ధులు ప్రజ్ఞప్తి అని పేరు పెట్టారు. ఛాసిస్ నంబరు మారదు కనుక చట్టం దృష్టిలో అది పాత కారే అన్న లోకవ్యవహారం ఈ వాదానికి అనుకూలంగా కనిపిస్తుంది.

అయితే 240డి గేర్‌బాక్స్ అల్మరలో ఉన్నప్పుడు అది 300డికి అవయవమా అని అడిగితే, రెండు పక్షాలూ సవరణ కోరుతాయి. రథం లేనిదే చక్రం రథావయవం కాజాలదని, అంటే భాగత్వం కూడా సమగ్ర వస్తువును ఆశ్రయించినదేనని, ఏడవ శతాబ్దపు బౌద్ధ దార్శనికుడు చంద్రకీర్తి గుర్తించాడు. అవయవాలు ముందుగా సిద్ధమై ఉండి తరువాత అవయవిని పుట్టిస్తాయన్న నైయాయిక క్రమాన్ని ఇది సడలిస్తుంది. మరోవైపు, పేరు పెట్టినంత మాత్రాన అవయవి ఏర్పడదని ఫ్లైవీల్ బోధిస్తుంది: బ్యాలెన్స్ కుదరనిదే ఏ ఒప్పందమూ ఆ ఇనుమును ఇంజన్‌లో భాగం చేయలేదు. సత్తకు గుర్తు అర్థక్రియాసామర్థ్యం, అంటే ఫలితాన్ని సాధించే శక్తి, అని బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి చెప్పినది క్షణికమైన స్వలక్షణాల, అంటే విడివిడి విశిష్ట వస్తువుల, గురించే అయినా, ఆ ప్రమాణాన్ని ప్రజ్ఞప్తికీ షరతుగా విధించడం న్యాయం. అప్పుడు కారు అనేది స్వతంత్ర ద్రవ్యమూ కాదు, ఇష్టానుసారం పెట్టిన పేరూ కాదు. అవయవాలు పరస్పరం సర్దుకొని నెరవేర్చే పని ఆధారంగా మాత్రమే చెల్లుబాటయ్యే వ్యవహారం.