నిండుకోకముందే

ఒంటిచక్రం కరెంటు బండికి హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు, యాక్సిలరేటరూ లేదు. చక్రానికి అటొకటి ఇటొకటి పెడళ్లు, లోపల మోటారు, బ్యాటరీ, ఎంత ఒరిగామో పసిగట్టే సెన్సర్లు. ముందుకు ఒరిగితే పడబోతాం. పడేలోపే చక్రం పరుగెత్తి మన కిందికి వచ్చేస్తుంది. వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. తప్పటడుగులు వేసే పిల్లాడి వెనక చేతులు చాచి నడిచే తల్లిలాంటి యంత్రం. షేన్ చెన్ అనే ఆయన సోలోవీల్ పేరుతో 2011 ప్రాంతంలో అమెరికాలో దీన్ని జనంలోకి తెచ్చాడు. ఆయనది వాషింగ్టన్ రాష్ట్రం. నేనుండేదీ అక్కడే, సియాటిల్‌కి పైన బాథెల్ ఊళ్లో.

కొన్న కొత్తలో అనంతపురం నుంచి నాయన ఫోన్లో అడిగాడు.

"ఎంత పోతాదిరా అది?"

"గంటకి 50 కిలోమీటర్లు పోతాది నాయనా."

"నువ్వెంతలో పోతావు?"

"30 లోపలే."

"మరి ఆ 20కి దుడ్లెందుకు పోసినావు?"

నవ్వేసి ఊరుకున్నాను. నా దగ్గరా జవాబు లేదు. జవాబు దొరికింది ఒక నవంబరు సాయంత్రం, ఎడమ కాలర్ బోను విరిగాక.

ఘాట్ రోడ్డులో లోడు లారీకి సత్తువ చాలకపోతే మూలుగుతూ పాకుతుంది. కారైతే ఇంతకంటే వేగం పోనని మొరాయిస్తుంది. ఈ చక్రానికి ఆ వెసులుబాటు లేదు. మనల్ని ముందుకు తీసుకెళ్లేదీ నిలబెట్టేదీ ఒకే మోటారు. వేగానికే బలమంతా ఖర్చుపెట్టేస్తే నిలబెట్టడానికి ఏమీ ఉండదు. అప్పుడు బండి నెమ్మదించదు, మనల్ని వదిలేస్తుంది. అప్పటికే ముందుకు ఒరిగి ఉంటాం కాబట్టి మొహం మీదే పడతాం.

ఇందులో ఉన్న కిటుకు నాకు పడ్డాకే తెలిసింది. తిరిగే మోటారు తానే జనరేటరై బ్యాటరీకి ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఎదురు పెరుగుతుంది, బ్యాటరీ నెట్టగలిగే తేడా సన్నబడుతుంది. తేడా సున్నా అయిన చోట చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, కానీ దానిలో చీపురుపుల్లను తోసే బలం కూడా ఉండదు. కొత్తవాళ్లు బండిని చేత్తో పైకెత్తి గాల్లో తిప్పి, యాప్‌లో 60 చూసి మురిసిపోతారు. నేనూ మురిశాను. అది బండి చేతులెత్తేసే అంకె అని ఎవరు చెప్పాలి?

ఆ అంకె కూడా ఒకచోట ఉండదు. నా బండిలో 20 సెల్లుల వరస. నిండుగా ఉంటే ఒక్కోటి 4.2 వోల్టులు, మొత్తం 84. పావు వంతు ఛార్జింగుకి వచ్చేసరికి 70 దాపుకు దిగుతుంది. పొద్దున 60 దగ్గరున్న గోడ సాయంత్రానికి 50 దగ్గరికి జరిగి వచ్చి కూర్చుంటుందన్నమాట. చలికి, మనిషి బరువుకి, ఎగువ దారికి వోల్టేజీ ఇంకా కుంగుతుంది. ఎదురుగాలి సంగతి సరేసరి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు.

ఆ సాయంత్రం ఇవన్నీ ఒక్కచోట కలిశాయి. బర్క్ గిల్మన్ ట్రెయిల్ ఒకప్పటి రైలు పట్టాల దారి, 1978లో నడకకీ సైకిళ్లకీ తెరిచారు. గంటకి 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు దాటకూడదు. జనం లేరు కదా అని నేను 40లో ఉన్నాను. దారి పక్కనున్న సరస్సు మీంచి చలిగాలి మొహాన కొడుతోంది. బండి బీప్ అంది. పెడళ్లు కాలివేళ్ల కింద పైకి లేచి, తగ్గమని వెనక్కి నెట్టాయి. ఇంకెంత దూరం, ఇల్లు వచ్చేసింది కదా అని వేళ్లతో పెడళ్లను అదిమి పట్టాను. చెట్టువేరు తారును ఉబ్బించిన చోట చక్రం ఎగిరింది. ఆ ఒక్క క్షణానికి దానికి కావలసిన అదనపు బలాన్ని నేను అప్పటికే వాడేసుకున్నాను.

ఆరు వారాలు చేయి మెడకు వేలాడదీసుకుని ఇదే ఆలోచన. ఈ బండి మీద వేగం తగ్గాలన్నా చక్రం ముందు ఒక పిసరు వేగం పెంచి, మనల్ని దాటి ముందుకు పోవాలి. అప్పుడే మనం వెనక్కి వాలగలం. ఆగడానికి కూడా బలం కావాలి. ఆఫీసులో నూటికి నూటపది ఇవ్వమంటారు. ఆ పదీ ఎక్కడి నుంచి వస్తుందని నేనెన్నడూ అడగలేదు. ఇక చాలు అని చెప్పే ఓపిక కూడా లేనంతగా పనిచేసిన నెలలు గుర్తొచ్చాయి.

నాయనకు ఇవన్నీ చెప్పకుండానే తెలుసు. చేలో బోరు మోటారు వేసి, స్టార్టరు పెట్టె మీద చెయ్యి పెట్టి వింటాడు. వోల్టేజీ తక్కువై మోటారు గుర్రుమంటే, పైరు వాడుతున్నా సరే కట్టేస్తాడు. పక్క చేల వాళ్ల మోటార్లు వైండింగుకి పోయేవి, మాది పోయేది కాదు. అటక మీద విత్తనం చెనిక్కాయల మూట ఉండేది. ఎంత కరువొచ్చినా దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అయితే ఆయన పద్ధతిని పూర్తిగా మెచ్చుకోవడానికీ నాకు మనసొప్పదు. మిగుల్చుకోవడం వేరు, మిగిలిపోవడం వేరు. అమ్మను కాశీ తీసుకెళ్తానని ఏటా అనేవాడు. ఏటా ఏదో ఒకదానికి డబ్బు పక్కన పెట్టాల్సి వచ్చేది. అమ్మ పోయింది. ఆ డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది.

నా బండికీ ఇలాంటి చిక్కే ఒకటుంది. మా ఇల్లు గుట్ట మీద. నూటికి నూరు ఛార్జింగుతో కిందికి దిగితే, అదుపు చేసేటప్పుడు మోటారులో పుట్టే కరెంటు బ్యాటరీలోకి ఎక్కడానికి చోటుండదు. అప్పుడూ బండి గోల పెడుతుంది. నిండుకుండ తొణకదంటారు గానీ, నిండిన బ్యాటరీ పల్లంలో తొణుకుతుంది. డబ్బాలో బియ్యం అయిపోతే అమ్మ 'నిండుకున్నాయి' అనేది. ఒకే మాటలో ఆ కొసా ఈ కొసా. ఇప్పుడు నేను 90 దగ్గర ఛార్జరు పీకేస్తున్నాను.

మొన్న పక్క ఊరు కెన్‌మోర్‌లో సరస్సు ఒడ్డున నీళ్ల మీంచి లేచే చిన్న విమానాలు చూస్తూ ఆలస్యం చేశాను. తిరుగుదారిలో గుట్ట మొదలయ్యే చోట బండి దిగి, దాని పిడి పైకి లాగి దొర్లించుకుంటూ నడిచాను. సైకిలు మీద ఒక కుర్రాడు పక్కన ఆగాడు.

"పాడైపోయిందా?"

"లేదు. ఇంకా పావు వంతు ఛార్జింగు ఉంది."

వాడు నన్నూ బండినీ మార్చి మార్చి చూసి, పెడలు తొక్కుతూ ఎగువకు పోయాడు.