కాలువ గట్టున నిలిచిన బోధకులు

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, యోహాను 6:1–27

యెరూషలేము సంఘములో పుట్టిన మొదటి సణుగు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రకు అనుదినము పంచబడు ఆహారములో లోపము జరుగుచున్నదని వారి పక్షమువారు మొరపెట్టిరి. అపొస్తలులు ఆ మొరను త్రోసివేయలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని వారికి అప్పగించిరి. ఈ భాగమును ఆధారము చేసికొని, అన్నము పెట్టుట చిన్న పనియనియు వాక్యము బోధించుట పెద్ద పనియనియు చెప్పు ప్రసంగములు మన సంఘములలో తరచుగా వినబడుచుండును. బోధకుడు ప్రసంగపీఠము దిగరాదనుటకు ఇదియే ప్రమాణమని వాదించువారును కలరు.

కాని మూలభాషను చూచినవారికి ఆ వాదము నిలువదు. మొదటి వచనములో అనుదిన పరిచర్య, రెండవ వచనములో బల్లల యొద్ద పని, నాలుగవ వచనములో వాక్యపరిచర్య, ఈ మూడింటికిని లూకా వాడినది దియాకొనియ అను ఒకే మాట, దాని క్రియాపదము. తెలుగు అనువాదకులు మొదటి చోటను మూడవ చోటను ‘పరిచర్య’ అనియే ఉంచి, నడిమి చోట మాత్రము ఆహారము ‘పంచిపెట్టుట’ అని వ్రాసిరి. అర్థము తప్పు కాదు, తెలుగు చెవికి ఇంపుగానే యున్నది. అయినను ఆ ఒక్క మార్పుచేత గొలుసులో నడిమి కడియ తెగినది. వాక్యము చేతబట్టుకొనువాడును గంటె చేతబట్టుకొనువాడును ఒకే పరిచర్యలో ఉన్నారని లూకా చెప్పిన సంగతి తెలుగు చదువరికి కనబడకుండ పోయినది. పనుల పంపకము వేరు, పనుల తారతమ్యము వేరు. అపొస్తలులు చేసినది మొదటిది.

ఈ సంగతి తెలుగు గడ్డమీదనే ఒకసారి పరీక్షకు వచ్చెను.

1876వ సంవత్సరమున, ధాత నామ సంవత్సరములో, వానలు తప్పెను. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతములు మాడిపోయెను. 1878 వరకు సాగిన ఆ కరువును ప్రజలు ధాత కరువని పిలిచిరి. చచ్చినవారి సంఖ్య అరువది లక్షలకు అటునిటుగా, కొందరి గణనలో అంతకు మించి, చెప్పబడుచున్నది. ధాన్యము దేశములో లేకపోలేదు. రేవులనుండి ఎగుమతి సాగుచునే యుండెను; ధర మాత్రము కూలివాని చేతికి అందనంత యెత్తునకు పోయెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో మహా దర్బారు జరిగెను. ఆ నెలలోనే వైస్రాయి లిట్టన్ ప్రభువు, సహాయపు ఖర్చు తగ్గించుటకై సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసునకు పంపెను. కరువు పనిలో దినమెల్ల మన్ను మోసిన మగవాని కూలి, ఒక పౌను ధాన్యమునకును దానిపై చిల్లరకును సరిపడునంతకు దిగజార్చబడెను. మద్రాసు రాజధాని ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్, ఆ కూలితో మనిషి బ్రదుకడని గట్టిగా వాదించెను. శవముల లెక్క ఆయన పక్షమున సాక్ష్యము చెప్పెను.

ఒంగోలు సీమలో ఆ దెబ్బ ముందుగా తగిలినది మాదిగ పల్లెలకు. భూమి లేదు, గాదె లేదు. పశువులు చచ్చినంతకాలము తోలు చౌకగా దొరకెను గాని, దానిని కొనువాడెవడు? ఈ పల్లెలలోనే అంతకు పదేండ్ల క్రిందట అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పని మొదలుపెట్టియుండెను. ఆయన ఒంగోలు చేరినది 1866లో. మరుసటి జనవరిలో, తోలు వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్య స్వజనులయొద్ద తాళ్లకొండపాడులో కూడిక జరిగి, ఇరువదియెనిమిది మంది బాప్తిస్మము పొందిరి. దానికి ప్రతిఫలముగా అగ్రవర్ణములవారు మిషను బడినుండి తమ పిల్లలను మాన్పించిరి. సంఘమునకు ఎవరు కావలెనన్న ప్రశ్నకు ఒంగోలులో ఉత్తరము అప్పుడే వ్రాయబడినది. కరువు ఆ ఉత్తరమును తిరుగ చదివించినది.

క్లౌ యౌవనములో అమెరికాలో భూములు కొలుచు సర్వేదారుల జట్టులో పనిచేసినవాడు. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరిట సముద్రతీరము వెంబడి కాలువ త్రవ్వించు కరువు పని ఆరంభము కాగానే, క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొనెను. వేదాంతపట్టా లేని కొలతల విద్య, కరువునాడు వేదాంతమునకు చేతికఱ్ఱయైనది. తాటియాకు పాకలు లేచెను, నూతులు త్రవ్వబడెను, పలుగులు, పారలు, తట్టలు తెప్పించబడెను. తక్కినచోట్ల పైవిచారణదారులు పంచములను దూరముగా నిలువబెట్టి, తిట్టి, కూలిలో కోతపెట్టుచుండగా, ఈ మూడున్నర మైళ్లలో మర్యాద దొరకునని ఊరూర తెలిసెను. జనము నడచి వచ్చిరి. నడువలేనివారిని మోసికొనివచ్చిరి. త్రోవలోనే పడిపోయినవారును కలరు.

ఆ గుంపులకు మేస్త్రీలు ఎవరు? క్లౌ తన తెలుగు బోధకులను పిలిచెను. ఒక్కొక్కరి క్రింద ఒక్కొక్క గుంపు ఉంచెను. వీరు ఊరూర నడచి సువార్త చెప్పుటకు అలవాటుపడినవారు, అనేకులు ఆ మాదిగ పల్లెలనుండియే వచ్చినవారు. చదువు కొద్దిపాటిది. పేర్లు వ్రాయుట, త్రవ్విన గుంట కొలుచుట, కూలి లెక్కచెప్పి చేతిలో పెట్టుట వారి పనియాయెను. మేస్త్రీతనము వారు కోరిన పిలుపు కాదు. ఎండలో గట్టున నిలిచి తట్టలు లెక్కించుటకు దైవజ్ఞానము అక్కరలేదు. కాని లెక్కలో ఒక తట్ట తప్పినయెడల ఒక బిడ్డకు గంజి తప్పునని తెలిసికొనుటకు మాత్రము ఏదో కొంత కావలెను. తప్పుడు కొలతను ప్రభువు అసహ్యించుకొనునని సామెతల గ్రంథము చెప్పిన సంగతిని వీరికంటె దగ్గరగా చదివిన ప్రసంగికులు అరుదు.

మధ్యాహ్నము పని నిలిచినప్పుడు కూలివారు గట్టున కూర్చుండెడివారు. బోధకుడును వారితో కూర్చుండెడివాడు. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును, మత్తయి 11వ అధ్యాయములోని ఆ మాటలను, వారు మరల మరల చెప్పిరని క్లౌ జ్ఞాపకములు తెలుపుచున్నవి. తలమీద తట్టతో ఉదయమునుండి నడచినవానికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అవసరము లేదు. అడుగువారు ఎక్కువైరి. గుంపులు గుంపులుగా బాప్తిస్మము కోరిరి.

క్లౌ ఇయ్యలేదు.

ఈ విషయముమీద కొంచెము నిలువవలసియున్నది. ఒంగోలు చరిత్ర చెప్పువారు 1878 జూలై 3వ తేదీని చెప్పుదురు, ఆ నాటి 2,222 అను సంఖ్యను చెప్పుదురు. వార్షికోత్సవములలో ఆ సంఖ్యను అక్షరములంత పెద్దగా వ్రాయుదురు. దానికి ముందు సంవత్సరమునకు పైగా నమోదు పుస్తకములో సున్న యున్నదని చెప్పువారు తక్కువ. అన్నము పంచు చేయియు కూలి యిచ్చు చేయియు తమదే అయినంతకాలము, అదే చేతితో బాప్తిస్మమియ్యరాదని ఆ మిషనరీ నిశ్చయించుకొనెను. వచ్చినవారి మనస్సులో ఆకలి యెంత, విశ్వాసమెంత అని తూచుటకు ఆయనయొద్ద త్రాసు లేదు. బహుశః ఆ జనులకే అది తెలియదు. ఆకలిగొన్నవాని ప్రార్థన అబద్ధమని దాని భావము కాదు. బాధలో ఉన్నవానిని, ‘నీవు నమ్మితివా’ అని అడుగుటయే అప్పుడు అన్యాయమగును. ఏలయనగా కాదనుటకు వానికి స్వేచ్ఛ లేదు. కాదనలేనివాడు చెప్పిన ఔనునకు విలువ యేమి?

ప్రభువు చేసినదియు ఇదియే. అయిదువేలమంది రొట్టెలు తిని తృప్తిపొంది, ఆయనను పట్టుకొని రాజుగా చేయవలెనని తలంచినప్పుడు ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను. మరునాడు వెదకుచు వచ్చినవారితో, మీరు వచ్చినది సూచన చూచి కాదు, కడుపు నిండినందుననే యని మొగముమీద చెప్పెను. చెప్పెనే గాని, నిన్నటి రొట్టెకు వెల అడుగలేదు. సంఘము ఈ అధ్యాయములో జీవాహారమును గూర్చిన ప్రసంగమును ప్రేమించును. కొండకు వెళ్లిపోయిన ఆ సాయంకాలమును అంతగా ప్రేమించదు.

ఈ నిర్ణయమునకు వెల లేకపోలేదు. పేరు అడిగి, పాట నేర్చుకొని, చేర్చబడకయే కాలువ పాకలలో చచ్చినవారు ఉండియుందురు. ఒక బోధకుడు తన గుంపులోని ముసలివానిని ఏ మాటలతో సమాధిచేసెనో వ్రాసియుంచినవాడు లేడు. బాప్తిస్టుల సిద్ధాంతము ప్రకారము బాప్తిస్మము లేనందున రక్షణ పోదు. నిజమే. అయినను, ఆ పల్లెవానికి చేర్చబడుట యనగా చచ్చునప్పుడు తన్నొక మనిషిగా లెక్కించువారు ఉండుట. క్లౌ నిర్ణయము సరియైనదని చెప్పువారు ఈ దుఃఖమును గూడ దాని ప్రక్కను వ్రాసికొనవలెను.

1878లో వానలు కురిసెను, కూలి పనులు నిలిచెను, సహాయమును నిలిచెను. పుచ్చుకొనుటకు ఇక ఏమియు లేదు. అప్పుడును జనము వచ్చిరి. ఒంగోలుకు పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో కూడిరి. తమకు ధనము అక్కరలేదనియు, చచ్చినను క్రైస్తవులుగా చచ్చెదమనియు వారు పట్టుబట్టిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది నదిలోనికి దిగిరి. నడిమి దినమున నీటిలో నిలిచినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులు వేసికొనిరి. క్లౌ నీటిలో దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు చేరినవారు 9,606 మంది. కూటికొరకు మతము పుచ్చుకొన్నవారని దేశములోను అమెరికాలోను కొందరు వెక్కిరించిరి. కూడు నిలిచిన తరువాత వచ్చిరన్నదే వారికి ప్రత్యుత్తరము. ఆ ప్రత్యుత్తరము సాధ్యమైనది అంతకు ముందరి సున్నవలన.

అప్పుడు క్రొత్త చిక్కు పుట్టెను. వేలకొలది విశ్వాసులలో అక్షరము వచ్చినవారు బహు తక్కువ. పల్లెకొక బడి కావలెను, బడికొక మనిషి కావలెను. కాలువ గట్టున పేర్లు వ్రాయుట నేర్చిన చేతులకు ఇప్పుడు పలకలు వచ్చెను. పగలు పిల్లలు గొడ్లవెంట పోవుదురు గనుక తెల్లవారకముందును దీపాలవేళను చదువు చెప్పవలసివచ్చిన పల్లెలు కలవు. సండే స్కూలు వేరు, బడి వేరు అను భేదము ఆ పల్లె యెరుగదు.

ఆ బోధకుల మనుమల మనుమలు నేటి సంఘములలో ఉన్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడును, 2020 మార్చిలో కరోనా వలన దేశమంతయు మూతపడినప్పుడును, కాపరులు బియ్యపు మూటలు మోసిరి. మోసినందుకు వారికి వందనము. బియ్యము మూటతోపాటు బ్యానరును, బ్యానరుతోపాటు ఫొటోను మోసినవారిని గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మంచిది. పుచ్చుకొనుచున్న స్త్రీ కొంగు మొగమునకు అడ్డము పెట్టుకొన్నది. ఫొటో తీసినవాడు కొంగు తొలగించుమని అడిగినట్లు ప్రతి ఊరిలోను ఒక కథ కలదు.

బడులు మూతపడిన ఆ దినములను గూర్చియే ఒక మాట. ఫోనులో చదువు నడచెను. ఫోను లేని యింట చదువు ఆగెను. అట్టి వాడలో ఒక కాపరి మందిరపు వరండాలో చాప పరచి, ఆ ఊరి నిరుద్యోగ పట్టభద్రుని కూర్చుండబెట్టి, తాను బయట నిలిచి పిల్లల చేతులు కడిగించుటకు సిద్ధపడెననుకొందము. సంఘపెద్దలు మొదట అడుగు ప్రశ్న తెలిసినదే: ఈ పిల్లలలో ఎందరు ఆదివారమున వత్తురు? కాపరి లెక్క చూపినయెడల చాప మిగులును. చూపనియెడల కరెంటు బిల్లు చర్చకు వచ్చును. ఆ ప్రశ్నకు ‘తెలియదు, అడుగలేదు’ అని చెప్పగల కాపరిని సంఘము భరించగలదా? ఒంగోలు సంఘము ఒక సంవత్సరమునకు పైగా భరించినది. హాజరు పట్టీలో పిల్లవాని పేరు ఎదుట కులము గడి లేకుండుట ఎంత అవసరమో, మతము గడి లేకుండుటయు అంతే అవసరము. ఆ పట్టభద్రునకు నెలకు ఎంత యిత్తురో సంఘము ముందే తేల్చవలెను. ప్రభువు పేరిట కూలి ఎగవేయుట యాకోబు పత్రిక చదివినవారికి తగదు.

బల్లలయొద్దకు నియమింపబడిన ఆ యేడుగురిలో ఫిలిప్పు ఒకడు. కొంతకాలమునకు ఆయన సమరయకు పోయెను, గాజాకు పోవు అరణ్యమార్గమున ఐతియొపీయుని రథమెక్కెను, తుదకు కైసరయలో ఇల్లు కట్టుకొని నలుగురు కుమార్తెలతో కాపురముండెను. సుమారు ఇరువది సంవత్సరముల పిమ్మట పౌలు ఆ యింట దిగినప్పుడు లూకా వెంట నుండెను. ఫిలిప్పు పేరు వ్రాయుచు లూకా ఆయనను సువార్తికుడని పిలిచెను. అంతటితో ఆపక, ఆ యేడుగురిలో ఒకడని గూడ వ్రాసెను.