పన్నెండు గంటల ప్రాయశ్చిత్తం

తాగి కారు నడిపి పట్టుబడ్డ మనిషికి, అది మొదటిసారి అయితే, అమెరికాలో చాలాచోట్ల జడ్జి జరిమానాతో పాటు చదువు కూడా విధిస్తాడు. టెక్సాస్‌లో అది 12 గంటల తరగతి, జార్జియాలో 20 గంటలు. ఫ్లోరిడాలో మొదటిసారి దొరికినవాళ్ళకి 12 గంటలు, మళ్ళీ దొరికినవాళ్ళకి 21. ఒకప్పుడు ఈ తరగతి కోసం ఏదో ఒక హాలుకి వెళ్ళి, తనలాంటి పదిమంది మధ్య కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు ఎన్నో కోర్టులు ఆన్‌లైన్ తరగతిని ఒప్పుకుంటున్నాయి. టెక్సాస్ అయితే 2021లో చట్టం మార్చి మరీ ఒప్పుకుంది. ఇలాంటి తరగతుల్లో తరచుగా కనిపించే పద్ధతి ఒకటుంది. తెర మీద ఒక పేజీ తెరుచుకుంటుంది. మద్యం రక్తంలో ఎలా కలుస్తుందో, కాలేయానికి ఎంతసేపు పడుతుందో, చల్లటి నీళ్ళూ కాఫీ మత్తుని ఎందుకు దించలేవో అందులో ఉంటుంది. పేజీ కింద గడియారం వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది. అది సున్నాకి వచ్చేదాకా తర్వాతి పేజీకి వెళ్ళే మీట పనిచెయ్యదు. చదివినా, పక్కకి తిరిగి ఫోన్ చూసుకున్నా ఆ గడియారానికి ఒకటే. పాఠం చివర కొన్ని ప్రశ్నలు, ఆఖరున పేరూ కేసు నంబరూ గంటల లెక్కా ఉన్న సర్టిఫికెట్. అది కోర్టుకి చేరితే షరతు తీరుతుంది. మరి తప్పు తీరిందా? మనిషి మారడమనేది ఒకరు ఆజ్ఞాపిస్తే జరిగే పనేనా? చట్టానికి ఇది చిన్న విషయమేమో కానీ, ధర్మానికి ఇది మూలప్రశ్న.

మన శాస్త్రాలకి ఈ ప్రశ్న కొత్తది కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలో మూడు అధ్యాయాలు: ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం. వ్యవహారమంటే న్యాయస్థానం పని: ఫిర్యాదు, సాక్ష్యం, తీర్పు, దండన. ప్రాయశ్చిత్తానికి వేరే అధ్యాయం. తప్పు ఒకటే అయినా రాజు దగ్గర తీర్చవలసిన లెక్క వేరు, మనిషి తన లోపల తీర్చుకోవలసిన లెక్క వేరు అన్న ఎరుక ఆ విభజనలోనే ఉంది. ప్రాయమంటే తపస్సు, చిత్తమంటే నిశ్చయం అని ప్రాచీనులు ఆ మాటని విప్పి చెప్పారు. నిశ్చయం లేని తపస్సు ఒట్టి శ్రమ అన్నమాట. మనుస్మృతి పదకొండో అధ్యాయం పాపం వదిలే దారులు చెబుతూ నలుగురి ముందూ ఒప్పుకోవడం, పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం, దానం అని అయిదు లెక్కపెట్టి, ఇకముందు ఇలా చెయ్యనని మానుకోవడంలోనే శుద్ధి ఉందని చెబుతుంది. అదే గ్రంథం కులాన్ని బట్టి శిక్షలు మార్చింది. సుర తాగినవాడి నుదుట కల్లు దుకాణం గుర్తు వాత పెట్టమంది. ఆ అన్యాయాన్నీ ఆ క్రూరత్వాన్నీ సమర్థించవలసిన పని లేదు, వాటిని వదులుకోవడమే మన నాగరికత. కానీ ఆ అయిదింటి లెక్కలో చదువు ఒకటి మాత్రమే అన్న సంగతిని పట్టుకోవాలి. కోర్టు తరగతి ఇవ్వగలిగింది ఆ ఒక్కటే. మిగతా నాలుగూ మనిషి తనంతట తాను తెచ్చుకోవలసినవి.

నిజానికి అమెరికన్ న్యాయస్థానాలు కూడా ఇంచుమించు ఇదే గీత గీశాయి. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో మొదలైంది. దాని 12 మెట్లలో దైవానికి తనని అప్పగించుకోవడం ఉంది, తన తప్పుల్ని మరొక మనిషి ఎదుట ఒప్పుకోవడం ఉంది, తనవల్ల నష్టపోయినవాళ్ళ జాబితా రాసుకుని వీలైనంతవరకు ఆ నష్టం పూడ్చడం ఉంది. జడ్జీలూ ప్రొబేషన్ అధికారులూ చాలాకాలం తాగి నడిపినవాళ్ళని ఆ సమావేశాలకి పంపేవారు. న్యూయార్క్ రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో అలా పంపిన ఒక నాస్తికుడు కోర్టుకెళ్ళాడు. హవాయిలో ఒక బౌద్ధుడు అలాంటి కార్యక్రమానికి వెళ్ళనన్నాడు. మొదటి కేసులో 1997లో, రెండో దాంట్లో 2007లో ఫెడరల్ అప్పీలు కోర్టులు ఒకే మాట చెప్పాయి: మతం కలిసిన కార్యక్రమానికి వెళ్ళి తీరాలని, వేరే దారి చూపకుండా ప్రభుత్వం బలవంతపెట్టడం రాజ్యాంగ విరుద్ధం. దైవాన్ని తలవని తరగతికి పంపడంలో ఆ చిక్కు లేదు. ఆ తీర్పులు న్యాయమైనవే. భయపడి చేసిన ప్రార్థన ప్రార్థన కాదు, దాన్ని చేయించే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. అయితే దైవాన్ని పక్కన పెట్టినప్పుడు, దైవంతో నిమిత్తం లేని మెట్లు కూడా తెర మీది పాఠాల్లోంచి తేలిగ్గా జారిపోతున్నాయి. నావల్ల ఎవరికి ఏమైంది, వాళ్ళ మొహం నేను చూడగలనా అన్న ప్రశ్నకి ఏ మతమూ అక్కర్లేదు. గడియారం కింద నడిచే పాఠంలో అది అడిగే మనిషే లేడు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. చట్టానికి పశ్చాత్తాపంతో పనేమిటి? రోడ్డు మీద చావులు తగ్గితే చాలదా? అమెరికాలో 2022లో ఒక్క ఏడాదిలో మద్యం మత్తులో నడిపిన వాహనాల వల్ల జరిగిన ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారు. అంత నష్టం ముందు మనసు మారిందా లేదా అని విచారించడం తీరికైన పనిలా కనిపిస్తుంది. ఈ మాటని తేలిగ్గా తీసెయ్యకూడదు. తరగతులూ చికిత్సలూ పనిచేస్తాయా అని 215 మదింపుల్ని కలిపి చూసిన ఒక పరిశీలన 1995లో వచ్చింది. ఏమీ చెయ్యకుండా వదిలేసినవాళ్ళతో పోలిస్తే, వీటికి వెళ్ళినవాళ్ళలో మళ్ళీ తాగి నడపడం సగటున 8, 9 శాతం తగ్గిందని తేలింది. అది సున్నా కాదు. ఆ కొద్ది శాతంలో కొన్ని ప్రాణాలున్నాయి కాబట్టి తరగతులు ఎత్తెయ్యాలని ఎవరూ అనలేరు. కానీ ఆ అంకె మరోవైపు నుంచి కూడా మాట్లాడుతుంది: తరగతి దానంతటది మనిషిని పెద్దగా మార్చలేదు. ఊపిరి ఊది, మద్యం లేదని తేలితే తప్ప ఇంజన్ కదలనివ్వని పరికరం కారులో ఉన్నంతకాలం బాగా కాపలా కాస్తుంది. దాన్ని విప్పేశాక కాపలా కాయవలసింది మనిషే. రోడ్డు భద్రతే గమ్యమనుకున్నా సరే, ఆ దారి చివరికి మనిషి నిశ్చయం దగ్గరికే చేరుతుంది. అందుకే పశ్చాత్తాపం చట్టానికి బయటి విషయమే అయినా అక్కర్లేని విషయం కాదు.

రెండో ఆక్షేపణ కరుణలోంచి పుట్టింది. తాగుడు జబ్బు, జబ్బుపడ్డవాణ్ణి పశ్చాత్తాపపడమనడం క్రూరత్వం అంటారు. ఇందులో సత్యముంది. మత్తుకి బానిస కావడమే నేరమనే చట్టం చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు 1962లో కాలిఫోర్నియా కేసులో చెప్పింది. ఆరేళ్ళ తర్వాత టెక్సాస్ కేసులో, తాగి బజారులో పడి ఉన్నందుకు వేసిన శిక్షని మాత్రం ఒకే ఒక్క ఓటు తేడాతో నిలబెట్టింది. ఆ రెండు తీర్పుల మధ్యే మన విషయమంతా ఉంది. స్థితి వేరు, చేత వేరు. తాగకుండా ఉండలేని స్థితికి వైద్యం కావాలి, అలాంటివాడికి తెర మీద పన్నెండు గంటల పాఠం చూపి పంపడం చికిత్స పేరుతో చేసే మోసమే అవుతుంది. అయినా గ్లాసు ఎత్తిన చెయ్యీ కారు తాళం తిప్పిన చెయ్యీ ఒకటే అయినంత మాత్రాన ఆ రెండు పనులూ ఒకటి కావు. పైగా పట్టుబడ్డవాళ్ళందరూ బానిసలు కారు. పార్టీ నుంచి వస్తూ ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళని రోగులని జాలిపడటం వాళ్ళకి మర్యాద కాదు. నువ్వు చేశావు, చెయ్యకుండా ఉండగలవు అని చెప్పడమే మనిషికి ఇవ్వవలసిన గౌరవం.

మూడో ఆక్షేపణ అన్నిటికంటే లోతైనది. మొక్కుబడిగా మొదలైంది కూడా నిజమవుతుంది కదా, బలవంతం మీద కూర్చున్నవాడికి కూడా ఏదో ఒక వాక్యం తగలదా అంటారు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే న్యాయవంతులమవుతామని అరిస్టాటిల్ చెప్పాడు. రాజు చేతిలో దండన పొందినవాడు నిర్మలుడవుతాడని మనుస్మృతే మరోచోట అంటుంది. మన భాషలో శిక్షంటే దండన. సంస్కృతంలో అదే మాటకి నేర్చుకోవడమని అర్థం. బౌద్ధుల పంచశీలాల్లో చివరిది, మద్యానికి దూరంగా ఉండటం, ఆజ్ఞ కాదు. ఏమరుపాటుకి కారణమైన మత్తుని విడిచిపెట్టే శిక్షాపదాన్ని నేను స్వీకరిస్తున్నానని ఎవరికి వారు పలికేది. కోర్టు తరగతి శిక్షకున్న ఈ రెండు అర్థాలనీ ఒకచోట చేర్చింది కాబట్టి దానిలో అవకాశం నిజంగానే ఉంది. కానీ అరిస్టాటిల్ చెప్పిన అభ్యాసంలో మనిషి ఆ పనే చేస్తూ ఉంటాడు. మీట నొక్కుతూ గంటలు గడపడం మద్యానికి దూరంగా ఉండే అభ్యాసం కాదు, గంటలు గడిపే అభ్యాసం. శీలం తీసుకునేవాడు నేను అనే మాటతో తీసుకుంటాడు. సర్టిఫికెట్ మీద ఆ మాట ఉండదు, పూర్తిచేశాడు అని మాత్రమే ఉంటుంది. బలవంతం మనిషిని గుమ్మం దాకా తేగలదు. గుమ్మం దాటవలసింది అతనే.

ఆన్‌లైన్ వద్దని చెప్పడం ఈ వాదన ఉద్దేశం కాదు. లైసెన్సు పోయినవాణ్ణి ముప్పై మైళ్ళ దూరంలోని తరగతికి రమ్మంటే అతను ఎలా వెళతాడు? రాత్రి షిఫ్టు చేసే కూలీకీ, పసిబిడ్డ తల్లికీ ఇంటి నుంచి చదివే వీలు న్యాయమే. అయితే ఇంట్లో ఒంటరిగా కూర్చోవడంలో పోయేదేమిటో తెలియాలి. హైదరాబాద్‌లో తాగి నడిపి దొరికినవాళ్ళని ట్రాఫిక్ పోలీసులు గోషామహల్, బేగంపేట శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్‌కి పిలిచినప్పుడు కుటుంబ సభ్యుల్ని కూడా వెంట తీసుకురమ్మన్నారు. పక్క కుర్చీలో భార్యో తల్లో కూర్చుని అదే పాఠం వింటున్నప్పుడు ఆ పాఠానికి వచ్చే బరువు ఏ గడియారమూ తేలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు తిరగబడటానికి దారి చూపిందీ ఒక తరగతే. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట కూడిన ఆడవాళ్ళు వాచకంలో సారా గురించిన పాఠం చదివారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చేదాకా ఆగలేదు. అక్కడ పాఠం చదివింది తాగినవాళ్ళు కాదు, ఆ తాగుడు వల్ల దెబ్బలు తిన్నవాళ్ళు. ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళు గదిలో ఉన్నప్పుడే పాఠానికి ప్రాణం వస్తుంది. తెర మీద నడిచే తరగతిలో కూడా దీనికి చోటు చెయ్యొచ్చు. ప్రమాదంలో బిడ్డని పోగొట్టుకున్న తల్లి మాట్లాడే ప్రత్యక్ష సమావేశం ఒకటి పెట్టవచ్చు, ఇంట్లోవాళ్ళలో ఒకరితో కలిసి చెయ్యవలసిన సంభాషణ ఒకటి చేర్చవచ్చు. అందులో ఏ మతమూ లేదు.

ఇది అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకి దగ్గరగా తగిలే విషయం. తాగి నడిపి అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చెయ్యడానికి 2015 నుంచి అమెరికా కాన్సులేట్లకి వీలుంది. అందుకే కేసు పడ్డ కుర్రాడి గురించిన మాటలన్నీ లాయరు, వీసా, ఉద్యోగం, సర్టిఫికెట్ వీటి చుట్టే తిరుగుతాయి. ఆ భయం సహజం, దాన్ని తప్పుపట్టలేం. కానీ వీసా నిలబడ్డాక కూడా ఒక లెక్క మిగిలే ఉంటుంది: ఆ రాత్రి ఎదురుగా వచ్చిన కారులో ఎవరున్నారో తెలియకుండా వాళ్ళ ప్రాణాన్ని పందెం కాసిన లెక్క. ఏ దెబ్బా తగలకపోయినా ఆ పందెం మాత్రం కాసినట్టే. కోర్టు అడిగిన 12 గంటలూ శ్రద్ధగా చదవండి, సర్టిఫికెట్ పంపండి. ఆ తర్వాత తెర మూసి, ఇంట్లో ఒకరి ఎదురుగా కూర్చుని, నేను చేశాను, మళ్ళీ చెయ్యను అని నోరు తెరిచి చెప్పండి. చట్టం అడగలేని ఆ ఒక్క మాటతోనే ప్రాయశ్చిత్తం మొదలవుతుంది.