పేరు మిగిలింది, పని పోయింది

ఇంగ్లండు పల్లెల్లో కొన్ని ఇళ్ల ముందు 'పాత కొలిమి', 'పాత రొట్టెల అంగడి', 'పాత పోస్టాఫీసు' అని పేర్లు రాసి ఉంటాయి. లోపల కొలిమీ ఉండదు, రొట్టెలూ ఉండవు. ఎవరో కాపురం ఉంటారు. పని పోయింది, పేరు మిగిలింది. పని పోవడం ఎవరి తప్పు? ఇదే నా ప్రశ్న.

రచయిత్రి ఫ్లోరా థాంప్సన్ 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జునిపర్ హిల్ అనే చిన్న పల్లెలో పుట్టింది. పద్నాలుగేళ్ల వయసులో దగ్గరి ఊరు ఫ్రింగ్‌ఫర్డ్‌లో పోస్టాఫీసు పనికి చేరింది. ఆ పోస్టాఫీసు నడిపే ఆమే కమ్మరి కొలిమిని కూడా నడిపేది. ఒక పక్క ఉత్తరాలు, ఇంకో పక్క గుర్రాలకు లాడాలు.

తరువాత ట్రాక్టరు వచ్చింది. గుర్రమే పోతే లాడం ఎవరికి కావాలి? కొలిమి చల్లారింది. దీన్ని ఎవరి తప్పూ అనలేం. ట్రాక్టరు వల్ల రైతు కష్టం తగ్గింది. కమ్మరుల్లో కొందరు యంత్రాలు బాగుచేసే పనిలోకి మారారు.

అంగడి సంగతి వేరు. చక్కెర, సబ్బు ఎవరికీ అక్కర్లేకుండా పోలేదు. జనం కార్లు కొనుక్కుని, టౌనులో సూపర్‌మార్కెట్టుకు పోయి తక్కువ ధరకు తెచ్చుకున్నారు. అందులో పాపమేముంది? నాలుగు డబ్బులు మిగలాలని మన అమ్మానాన్నలూ చూస్తారు కదా! అయితే ఊరి అంగడి మూతబడ్డాక, కారు లేని ముసలవ్వ ఉప్పు కోసం కూడా బస్సుకు కాచుకోవాలి. పొదుపు ఒకరిది, నష్టం ఇంకొకరిది. తప్పు అని దేన్నైనా అనాలంటే, ఆ అవ్వను తలుచుకోకపోవడాన్నే అనాలి.

2007లో బ్రిటన్ ప్రభుత్వం 2,500 వరకు పోస్టాఫీసులు మూస్తామన్నప్పుడు చాలా ఊళ్లలో జనం వద్దన్నారు. వద్దన్నవాళ్లలో ఎంతమంది అంతకుముందు అక్కడికి పోయి స్టాంపులు కొన్నారో!

కొన్ని ఊళ్లు ఇంకో దారి పట్టాయి. ఊరివాళ్లే తలా కొంత వాటా వేసుకుని అంగడిని నిలబెట్టుకున్నారు. చాలామంది జీతం లేకుండా వంతులవారీగా అందులో పని చేస్తారు.

లేనివాళ్లను ఎక్కువ ధర పెట్టి కొనమనడం న్యాయం కాదు. కానీ ఉన్నవాళ్లు వారానికి ఒక్క సంచి సరుకైనా ఊళ్లో కొనొచ్చు. మూతబడ్డాక గోడ మీద పేరు రాసుకునేకన్నా, తెరిచి ఉన్నప్పుడే లోపలికి పోవడం మంచిదని నా అభిప్రాయం.